రెండు బాధ్యతలూ ఒకే పుస్తకంలో రాసుకోండి

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. గుంటూరుకు దగ్గరలోని ఒక విశ్వవిద్యాలయ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగేళ్లుగా కామర్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి. ఈ జూన్‌లో మా డైరెక్టర్ గారు పాఠ్యప్రణాళిక సమన్వయం, విద్యార్థి కార్యక్రమాల సమన్వయం రెండూ నాకే అప్పగించారు. సాయంత్రం క్లబ్బుల సమావేశాలు పెడితే పదిమంది కూడా ఉండరు. శుక్రవారం మధ్యాహ్నం పెడితే పిల్లలు వస్తారు గాని, క్లాసులు పోతున్నాయని సీనియర్ అధ్యాపకులు కోప్పడుతున్నారు. సిలబస్ మీద అభిప్రాయాలు అడిగితే అందరూ ‘బాగుంది’ అని టిక్కులు పెట్టి ఇచ్చేస్తున్నారు. డిసెంబరులో సిలబస్ మార్పులు తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఉంది, వచ్చే నెలలో ఫ్రెషర్స్ డే జరపాలి. రెండు బాధ్యతల్లో ఒకటి వదులుకుంటే రెండోదైనా సరిగ్గా చేయగలనేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక అధ్యాపకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీ చివరి సందేహానికి జవాబు చెబుతాను: రెండింటిలో ఏదీ వదులుకోకండి. ఈ రెండు పనులూ వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటే ఏమవుతుందో నా ఉద్యోగకాలమంతా చూశాను. సిలబస్ చూసేవారు విద్యార్థులతో మాట్లాడకుండానే యూనిట్లు సవరిస్తారు, కార్యక్రమాలు చూసేవారు సిలబస్ తెరిచి చూడకుండానే అతిథులను పిలుస్తారు. ఇద్దరూ నిజాయితీగా కష్టపడతారు, అయినా ఉదయం విన్న పాఠానికీ మధ్యాహ్నం కూర్చున్న సభకూ మధ్య సంబంధం ఏమిటో విద్యార్థికి అర్థం కాదు. ఆ సంబంధం కలపగలిగిన చోట మీరు ఇప్పుడు ఉన్నారు. కాబట్టి రెండు ఫైళ్లు పెట్టుకోవద్దు. ఒకే పుస్తకం తీసుకుని, ఎడమ పేజీలో పేపర్ల వారీగా యూనిట్లు, వాటిని బోధించే వారాలు, కుడి పేజీలో ఆ వారంలో విద్యార్థులు చేయబోయే పని రాసుకోండి. కుడి పేజీలో రాసిన కార్యక్రమానికి ఎడమ పేజీలో ఏ యూనిట్‌తోనూ పొత్తు కుదరకపోతే, ఆ కార్యక్రమం అవసరమా అని మిమ్మల్ని మీరే అడగండి.

అయితే బాధ్యత పెరిగినప్పుడు పనిగంటల లెక్క కూడా చూసుకోవాలి. 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన ఉంటుంది. దానికి పైన రెండు సమన్వయ బాధ్యతలు మోస్తున్నారు గనుక, ఆ రెండింటి పరిధి ఏమిటో, ఏ నిర్ణయాలు మీరే తీసుకోవచ్చో, వేటికి డైరెక్టర్ గారి అనుమతి కావాలో రాతపూర్వకమైన ఉత్తర్వు అడగండి. ఒక క్లర్కును వారానికి రెండు పూటలు మీకు కేటాయించమని కూడా అందులోనే కోరండి. నోటిమాటగా వచ్చిన బాధ్యత నోటిమాటగానే పోతుంది, ఈలోపు తప్పులన్నీ మీ పేరున జమవుతాయి. ఇది గొడవ పెట్టుకోవడం అనుకోకండి, వినయంగా ఒక పేజీ లేఖ ఇస్తే చాలు.

ఇక సాయంత్రం సమావేశాలకు పిల్లలు ఉండకపోవడం గురించి. మీ విద్యార్థుల్లో ఎందరు తెనాలి నుంచి, చిలకలూరిపేట నుంచి, మంగళగిరి నుంచి, కృష్ణ అవతల ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోతారో ఒకసారి లెక్క తీయండి. కాలేజీ బస్సు నాలుగు దాటగానే కదిలితే, నాలుగున్నరకు పెట్టిన సమావేశానికి ఉండే అమ్మాయి ఆ తరువాత హైవే మీద నిలబడి ఆర్టీసీ బస్సు కోసం ఎదురుచూడాలి, ఇంటికి ఫోన్ చేసి ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాలి. హాస్టల్ పిల్లలకు లోపలికి వచ్చే వేళ నిబంధన ఉంటుంది. కొందరు అబ్బాయిలు సాయంత్రం దుకాణాల్లో లెక్కలు రాసి, ఫీజుకు సరిపడా సంపాదించుకునే వాళ్లు. వీళ్లెవరికీ ఆసక్తి లేదని మనం తేల్చేస్తే అది అన్యాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, అంతకు ముందు ఏ సభకూ రాని పిల్లలు మోకాలిలోతు నీళ్లలో భోజనం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు మోయడం నేను కళ్లారా చూశాను. వాళ్లను పిలిచినవారు లేరు, హాజరు వేసినవారూ లేరు. పని అవసరమైనదని తోస్తే పిల్లలు కదులుతారు. ఆ రోజుల్లోనే ఇంకో మాట కూడా మనసులో మెదిలింది: నీళ్లు తీసిన తరువాత పాడైన బండ్లకు, సరుకుకు బీమా క్లెయిములు ఎలా రాయాలో తెలియక జనం తిరుగుతుంటే, బీమా పేపరు చదువుతున్న కామర్స్ విద్యార్థులు అదే సమయానికి తరగతి గదుల్లో క్లెయిమ్ నిర్వచనాలు బట్టీ పడుతున్నారు. ఆ రెండు వారాలు వాళ్లను అక్కడ కూర్చోబెట్టి ఫారాలు నింపించి ఉంటే, ఆ యూనిట్ వాళ్లకు జీవితాంతం గుర్తుండేది. ఆ పని చేయించలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సీనియర్ అధ్యాపకుల కోపాన్ని మీరు తేలిగ్గా తీసుకోకండి, అందులో లెక్క ఉంది. యూజీసీ క్రెడిట్ విధానంలో థియరీకి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పేపరుకు 15 వారాల్లో వారానికి నాలుగు గంటల చొప్పున 60 గంటలు, ఐదు యూనిట్లయితే యూనిట్‌కు 12 గంటలు. మీ టైంటేబుల్లో శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలూ ఒకే పేపరువి అనుకోండి. సెమిస్టర్‌లో ఐదు శుక్రవారాలు కార్యక్రమాలకు పోతే ఆ ఒక్క పేపరు పది గంటలు, అంటే దాదాపు ఒక యూనిట్ మొత్తం కోల్పోతుంది. మిగతా పేపర్లకు ఏ నష్టమూ ఉండదు. దసరా సెలవులు, మిడ్ పరీక్షలు, తుపాను సెలవులు దానికి తోడవుతాయి. ఆ పేపరు చెప్పే అధ్యాపకుడు కోప్పడక ఏం చేస్తాడు? ఆయన దగ్గరకు వెళ్లి, పోయిన సెమిస్టర్‌లో ఆయన పేపరుకు ఎన్ని గంటలు పోయాయో ఆయన కంటే ముందు మీరే లెక్క వేసి చూపించండి. నేను సమన్వయకర్తగా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన రెండేళ్లు నాతో ముభావంగా ఉన్నారు, ఈ లెక్క కాగితం మీద పెట్టి చూపిన రోజున కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

దీనికి పరిష్కారం టైంటేబుల్లోనే ఉంది. చాలా సంస్థల టైంటేబుళ్లలో లైబ్రరీ గంట, గేమ్స్ గంట, మెంటరింగ్ గంట అని ప్రతి సెక్షన్‌కూ ఒక్కో రోజున ఒక్కో చోట పడి ఉంటాయి. ఖాళీలు నింపడానికి అలా వేస్తారు, ఆ గంటల్లో పిల్లలు క్యాంటీన్ దగ్గర ఉంటారు. వాటన్నిటినీ ఏరి, అన్ని సెక్షన్లకూ ఒకే రోజున, బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి బస్సు వేళ దాకా ఒకేచోట చేర్చండి. ఏ పేపరు గంటా పోదు, సాయంత్రం ఎవరూ ఆగనక్కరలేదు, అన్ని సంవత్సరాల పిల్లలూ ఒకే సమయంలో ఖాళీగా దొరుకుతారు. ఈ ఒక్క మార్పు కోసం టైంటేబుల్ కమిటీతో ఎంత ఓపిగ్గా కూర్చోవలసి వచ్చినా కూర్చోండి, మిగతా సలహాలన్నీ దీని మీదే నిలబడతాయి. ఆ పూటను అతిథి ఉపన్యాసాలతో నింపేయకుండా చూసుకోవడం కూడా మీ పనే. నెలకు ఒక ఉపన్యాసం చాలు, మిగిలిన వారాలు పిల్లలు తమ చేతులతో ఏదైనా చేసేవిగా ఉండాలి.

అభిప్రాయ సేకరణ విషయం మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు గాని, నా దృష్టిలో అసలు సమస్య అక్కడే ఉంది. పురికొసతో కట్టిన ఫారాల కట్ట ఒకటి నేను ఒకసారి విప్పాను. అరవై ఫారాలు, అన్నింటిలోనూ ‘చాలా బాగుంది’ గడిలోనే టిక్కు, మొదటి ఇరవై ఒకే నీలం సిరాతో, ఒకే వంపుతో ఉన్నాయి. క్లాస్ లీడర్‌ను పిలిచి అడిగితే, “సార్, అందరూ బస్సుకు వెళ్లిపోయారు, సాయంత్రానికి ఇవ్వమన్నారు, నేనే నింపేశాను” అని భయపడుతూ చెప్పాడు. అతడి తప్పేమీ లేదు. సెమిస్టర్ చివరి రోజున అడిగే ప్రశ్నకు జవాబు చెబితే తమకు ఒరిగేది ఏమీ లేదని పిల్లలందరికీ తెలుసు, మారినా అది వచ్చే ఏడాది వాళ్లకే. కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ సంస్థ పరిశీలనలో పాఠ్యప్రణాళిక మీద విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ఉద్యోగమిచ్చేవారు ఏమన్నారని అడగడంతో పాటు, ఆ అభిప్రాయాల మీద ఏ చర్య తీసుకున్నారని కూడా అడుగుతారు. ఆ రెండో సగాన్ని మనం చివర్లో ఫైలు కోసం రాసుకుంటాం గాని, పిల్లలకు చూపించం.

అందుచేత అయిదో వారంలో, మొదటి మిడ్ పరీక్షకు ముందు అడగండి. ఫారం వద్దు. పేపరుకు ఇరవై నిమిషాలు, ఆ పేపరు అధ్యాపకుడు గదిలో లేకుండా, మీరు కూర్చుని అడగండి: ఇప్పటిదాకా ఏది అర్థమైంది, ఎక్కడ వెనకబడ్డారు, ఎలా చెబితే పట్టుబడుతుంది. ఈ ప్రశ్నలు తెలుగులో అడగండి, తెలుగులోనే జవాబు చెప్పమనండి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ బోధన ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. పల్నాడులోనో కృష్ణా జిల్లా పల్లెల్లోనో పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లవాడికి, ‘కోర్సు అవుట్‌కమ్స్ సాధించబడ్డాయా’ అన్న ఇంగ్లీషు ప్రశ్నకు టిక్కు పెట్టడం తప్ప వేరే దారి లేదు. అదే పిల్లవాడు, “మాస్టారూ, జర్నల్ ఎంట్రీ అర్థమవుతుంది గాని లెక్కలోని ఇంగ్లీషు వాక్యమే అర్థం కాదు, ఎవరికి ఎవరు బాకీయో తెలియక తప్పు రాస్తున్నాం” అని తెలుగులో ఎంత చక్కగా చెబుతాడో నేను విన్నాను. ఆ ఒక్క మాటతో అకౌంటెన్సీ అధ్యాపకుడు ప్రతి లెక్కనూ ముందు తెలుగులో కథగా చెప్పి, ఆ తరువాత బోర్డు మీద వేయడం మొదలుపెట్టారు. సిలబస్‌లో ఒక్క అక్షరం మారలేదు.

ఇక్కడే మీకు బాగా ఉపయోగపడే విషయం ఒకటి ఉంది. విద్యార్థులు చెప్పేవాటిలో చాలా భాగానికి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌తో పనే లేదు. యూనిట్లు, క్రెడిట్లు, పరీక్ష విధానం, ఏ పేపరు ఏ సెమిస్టర్‌లో ఉండాలి అన్నవి బోర్డు తేల్చి, అకడమిక్ కౌన్సిల్ ఆమోదించాల్సినవి. కాని పాఠం ఏ ఉదాహరణతో చెప్పాలి, ఇంటర్నల్ అసైన్‌మెంట్‌గా ఏమివ్వాలి, లెక్కలకు ఎన్ని గంటలు, సిద్ధాంతానికి ఎన్ని అన్నవి చాలావరకు అధ్యాపకుడి చేతిలోనివే. విన్నవాటిని ఆ సాయంత్రమే ఇలా వేరు చేసి, అధ్యాపకుడితో విడిగా, మర్యాదగా మాట్లాడండి. పిల్లల పేర్లు చెప్పవద్దు, వాక్యాలు కూడా యథాతథంగా చెప్పవద్దు. రెండు వారాల లోపు డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టండి: ‘కాస్ట్ అకౌంటింగ్ లెక్కలకు ఈ వారం నుంచి గురువారం మూడో గంట ప్రత్యేకం. పాఠ్యపుస్తకం మార్చాలన్న కోరిక బోర్డు ముందుకు డిసెంబరులో వెళుతుంది. ఇంటర్నల్ పరీక్షల సంఖ్య తగ్గించడం కుదరదు, కారణం ఇది.’ కుదరదన్న మాట కూడా రాయండి. కారణంతో కుదరదని చెప్పిన సంస్థను పిల్లలు నమ్ముతారు, ఆ నమ్మకం కుదిరాక రెండోసారి అడిగినప్పుడు వెనక బెంచీల నుంచి కూడా చేతులు లేస్తాయి. మీరు పెంచాలనుకుంటున్న విద్యార్థుల భాగస్వామ్యం అక్కడి నుంచే మొదలవుతుంది.

పాఠాన్నీ బయటి పనినీ కలపడానికి మీ ఊరంత అనువైన చోటు తక్కువ. గుంటూరు మిర్చి యార్డు పక్కన పెట్టుకుని మార్కెటింగ్ పేపరును గదిలోనే ముగించడం నాకు కష్టంగా తోస్తుంది. కాని అక్కడికి తీసుకెళ్లేటప్పుడు కాలం చూసుకోవాలి. కొత్త కాయ జనవరి నుంచి యార్డుకు వస్తుంది, మార్చి, ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా దిగుతాయి. జూలై నుంచి నవంబరు దాకా వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీల సరుకు. వ్యవసాయ మార్కెటింగ్ యూనిట్ బేసి సెమిస్టర్‌లో, అంటే విద్యాసంవత్సరం మొదటి సగంలో ఉంటే పిల్లలు యార్డును అసలైన సందడిలో చూడలేరు. ఆ పేపరును సరి సెమిస్టర్‌కు మార్చమని కోరడం డిసెంబరు సమావేశంలో మీరు పెట్టగల గట్టి ప్రతిపాదన. వెళ్లేది కూడా తెల్లవారి వెళ్లాలి, మధ్యాహ్నం బస్సు వేసుకుని వెళితే ధరలు తేలిపోయి ఉంటాయి. ఒక్కో జట్టు ఒక్కో పని పట్టుకోవాలి: ఒకరు తేజ, బాడిగ రకాలకూ, రంగు పోయిన తాలు కాయలకూ ధరల తేడా, ఒకరు రైతు చేతికి అందే చీటీలో కమీషన్, హమాలీ, కాటా ఖర్చుల కోత, ఒకరు కోల్డ్ స్టోరేజీ రసీదు మీద అప్పు తెచ్చుకునే పద్ధతి. యూజీసీ 2022 చివర్లో విడుదల చేసిన డిగ్రీ చట్రంలో క్షేత్రస్థాయి పనిని కూడా క్రెడిట్లలోకి లెక్కించే వీలు ఉంది, ఒక క్రెడిట్‌కు 30 గంటలు. అందువల్ల దీన్ని విహారయాత్రగా చూపనక్కరలేదు, మార్కులు ఉన్న చదువుగానే చూపవచ్చు.

మంగళగిరి విషయం కూడా చెప్పాలి. రెండేళ్లు తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి ఉండేది. కాస్ట్ అకౌంటింగ్‌లో ఉమ్మడి ఖర్చును యూనిట్ల మీద పంచడం చెబుతూ, పుస్తకంలోని రసాయనాల ఫ్యాక్టరీ ఉదాహరణ ఎవరికీ ఎక్కక, “మీ ఇళ్లలో ఎవరైనా వస్తువు తయారుచేస్తారా?” అని అడిగాను. ఆ అమ్మాయి లేచి, వాళ్ల నాన్నగారు మగ్గం గుంటలో కూర్చుంటారని చెప్పింది. పడుగు ఒకసారి ఎక్కిస్తే దాని మీద కొన్ని చీరలు దిగుతాయని, పడుగు తయారీకి అయిన ఖర్చు ఆ చీరలన్నిటికీ పంచుకోవాలని, కండెలు చుట్టే అమ్మ పనికి మాత్రం ఎవరూ కూలి కట్టరని, మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి చీరకు ఇంత అని ఇచ్చే మజూరీలోనే అదీ కలిసిపోతుందని చెప్పింది. చెబుతూ చెబుతూ బోర్డు దగ్గరకు వచ్చి సుద్దముక్క తీసుకుని లెక్క వేసింది. లెక్కకు రాని శ్రమ అన్న విషయం ఆ సిలబస్‌లో లేదు, కాని ఆ రోజు తరగతి అంతా దాని గురించే మాట్లాడింది. ఆ తరువాత ఏ కమిటీకి పేరు ఇమ్మన్నా ఆ అమ్మాయే ముందు ఇచ్చేది. మీ తరగతుల్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు, ఎవరి ఇంట్లో ఏ పని చేస్తారో అడ్మిషన్ ఫారాలు చూస్తేనే సగం తెలుస్తుంది.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో తెచ్చిన మార్పుల్లో మొదటి సంవత్సరం తరువాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు ఒకటి ఉంది. చాలాచోట్ల దాని నివేదికలు జిరాక్సు షాపుల్లో ఒకే మూస నుంచి తయారవుతున్నాయని మీకూ తెలుసు. అంశాన్ని ముందు సంవత్సరం చదివిన పేపర్లలో ఒకదానితో కట్టిపడేసి, వారానికి ఒకసారి పది నిమిషాలు ‘ఈ వారం ఎవరిని కలిశావు, ఏం చెప్పారు’ అని మెంటర్ అడిగే ఏర్పాటు చేయండి. మూస నివేదికతో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

డిసెంబరు సమావేశానికి మూడు ప్రతిపాదనలకు మించి తీసుకెళ్లకండి. ఒక్కో దానికి విద్యార్థులు ఏమన్నారు, బోధించేవారు ఏమన్నారు, ఎన్ని గంటలు మారతాయి అన్నది ఒకే పేజీలో ఉండాలి, అక్టోబరు చివరికల్లా బోర్డు ఛైర్మన్‌కు అందాలి. బోర్డులో పరిశ్రమ ప్రతినిధి, పూర్వ విద్యార్థి ఉంటే, వాళ్లకు ముందుగా ఫోన్ చేసి ఆ పేజీ చదివి వినిపించండి. సమావేశం రోజున మొదటిసారి చూసిన కాగితానికి ఎవరూ మద్దతు పలకరు. చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరిని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవమని ఛైర్మన్‌ను అడగండి, వీలుకాకపోతే ముందు రోజు పిల్లలతో ఆయనకు అరగంట సమావేశం ఏర్పాటు చేయండి. విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేకపోవడంతో సభలో నిలబడి మాట్లాడే అలవాటు పిల్లలకు తప్పిపోయింది. ఆ ఇద్దరితో బుధవారం పూట రెండుసార్లు మాట్లాడించి చూడండి. వాళ్లను మార్కుల వరస చూసి ఎంచుకోవద్దు. రోజూ వచ్చిపోయేవారి నుంచి ఒకరు, హాస్టల్ నుంచి ఒకరు ఉంటే ఇద్దరి కష్టాలూ బల్ల మీదకు వస్తాయి.

అన్ని పేపర్లలో ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ సెమిస్టర్‌కు రెండు పేపర్లు చాలు, వాటిలో ఒకటి మీది, ఇంకొకటి మీ మీద కోప్పడిన సీనియర్‌లలో ఒకరిది అయితే మంచిది. ఆయన పేపరులో నాలుగు గంటలు కలిసివచ్చాయని ఆయన నోటితోనే స్టాఫ్ రూములో చెబితే, మీరు పది సర్క్యులర్లు పంపినా జరగని పని జరుగుతుంది.

ఫ్రెషర్స్ డే తప్పక జరపండి. కొత్తగా వచ్చినవారికి ఆ రోజు చాలా పెద్దది. ఏర్పాట్లు రెండో సంవత్సరం పిల్లలకు అప్పగించండి, ఖర్చుల ఖాతా కూడా వాళ్లనే రాయమనండి, వోచర్లతో సహా. ఆ ఖాతాను మరుసటి వారం అకౌంటెన్సీ తరగతిలో కొత్తవారి చేత ఆడిట్ చేయించవచ్చు. అతిథుల ప్రసంగాలు ఒకటికి కుదించి, మొదటి సంవత్సరం వాళ్లు ఒక్కొక్కరుగా తమ ఊరి పేరు, ఇంట్లో చేసే పని చెప్పేలా గంటసేపు ఉంచండి, మీ పుస్తకంలో కుడి పేజీకి కావలసినవి చాలా అక్కడే దొరుకుతాయి. ఆ రోజు కాలేజీ బస్సులు ఆరింటికి బయలుదేరేలా రవాణా చూసేవారికి వారం ముందే లేఖ ఇవ్వండి, అమ్మాయిల ఇళ్లకు ఆ వేళ తెలిసేలా మీ సంతకంతో ఒక చీటీ ముందు రోజే పంపించండి.